పొగ పైకే పోవాలంటే: ఫైర్‌ప్లేస్‌కీ స్టవ్‌కీ చిమ్నీ కొలతలు తేల్చుకోవడం ఎలా

చిమ్నీ ఎంత వెడల్పుగా ఉంటే పొగ అంత సులువుగా పోతుందని చాలామంది నమ్ముతారు. నేనూ నమ్మాను. పాత ఫైర్‌ప్లేస్ గూట్లో చిన్న ఇనుప స్టవ్ పెట్టి, దాని గొట్టాన్ని పైనున్న పెద్ద ఇటుక చిమ్నీలోకి దూర్చి, ఇంత దారి ఉంటే ఇంకేం కావాలి అనుకున్నాను. నెల తిరక్కుండానే గోడ మీద గోధుమరంగు మరకలు దిగాయి. స్టవ్ తలుపు తీస్తే పొగ మొహాన కొట్టేది. మేస్త్రీ పనిలో తప్పేమీ లేదు, తప్పంతా నా లెక్కలోనే.

పొగను పైకి లాగేవి రెండే: వేడి, ఎత్తు. వెడల్పు పని ఆ పొగకు దారి ఇవ్వడం వరకే. దారి ఇరుకైతే పొగ గదిలోకి వస్తుంది. మరీ విశాలమైతే మధ్యలోనే చల్లబడి ఆగిపోతుంది. ఈ రెండింటి మధ్య సరైన కొలత పట్టుకోవడమే మనం చేయాల్సిన పని.

ముందు మీ పొయ్యి ఏ జాతిదో తేల్చుకోండి

తలుపు లేకుండా నోరు తెరుచుకుని ఉండేది ఫైర్‌ప్లేస్. తలుపు మూసి, గాలిని చిన్న రంధ్రాల గుండా కొలిచి ఇచ్చేది స్టవ్. రెండిట్లోనూ మండేది కట్టెలే అయినా చిమ్నీ దృష్టిలో వీటికి పోలికే లేదు.

తెరిచిన ఫైర్‌ప్లేస్‌లోంచి పొగ బయటికి రాకుండా ఉండాలంటే దాని నోటి గుండా గది గాలి సెకనుకు దాదాపు పావు మీటరు వేగంతో లోపలికి పోతూ ఉండాలి. నోరు 90 సెం.మీ. వెడల్పు, 70 సెం.మీ. ఎత్తు ఉందనుకోండి. వైశాల్యం 0.63 చదరపు మీటర్లు. పావు మీటరు వేగంతో లెక్కేస్తే గంటకు సుమారు 570 ఘనపు మీటర్ల గాలి. 4 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తున్న గదిలో పట్టే గాలి మొత్తం 60 ఘనపు మీటర్లే. అంటే గదిలో గాలి గంటకు తొమ్మిదిసార్లు చిమ్నీ పాలవుతుంది. అదే గంటకు రెండు కిలోల కట్టెలు కాల్చే స్టవ్‌కు 20 ఘనపు మీటర్ల దరిదాపు గాలి సరిపోతుంది.

కాబట్టి ఫైర్‌ప్లేస్ చిమ్నీ బోలెడంత గోరువెచ్చటి గాలిని మోస్తుంది, స్టవ్ చిమ్నీ కొద్దిపాటి వేడి పొగను మోస్తుంది. ఒకదానికి కట్టింది రెండోదానికి పనికి రాకపోవడానికి కారణం ఇదే. ఒకే చిమ్నీ దారికి రెండు పొయ్యిలు కలపడం కూడా ఇందుకే కూడదు. ఒకటి మండుతున్నప్పుడు రెండోది దాని లాగుడును తినేస్తుంది, కొన్నిసార్లు పొగ పక్క గదిలో తేలుతుంది.

లాగుడు లెక్క ఒకసారి వేసి చూసుకోండి

ఈ లెక్కకు కాలిక్యులేటర్ చాలు. సముద్రమట్టం దగ్గర ఒక ఘనపు మీటరు గాలి బరువు కిలోల్లో కావాలంటే 353ను, సెల్సియస్ ఉష్ణోగ్రతకు 273 కలిపిన సంఖ్యతో భాగించాలి. పొగ బరువుకీ దాదాపు ఇదే లెక్క.

బయట 10 డిగ్రీలు ఉంటే 353ను 283తో భాగించాలి, 1.25 కిలోలు. చిమ్నీ లోపల సగటున 200 డిగ్రీలు ఉంటే 353ను 473తో భాగించాలి, 0.75 కిలోలు. తేడా అర కిలో. ఈ తేడాను ఎత్తుతోనూ 9.81తోనూ గుణిస్తే లాగుడు పాస్కల్స్‌లో (ఒత్తిడిని కొలిచే యూనిట్) వస్తుంది. 5 మీటర్ల చిమ్నీకి 24 పైచిలుకు పాస్కల్స్. కట్టెల స్టవ్‌లను సాధారణంగా 12 పాస్కల్స్ లాగుడు దగ్గర పరీక్షిస్తారు, కనుక వంపుల్లో, రాపిడిలో కొంత పోయినా చేతిలో ఇంకా మిగులు ఉంటుంది.

ఇప్పుడు అదే చిమ్నీలో పొగ సగటు వేడి 80 డిగ్రీలకు పడిపోయిందనుకోండి. పొగ బరువు సరిగ్గా ఒక కిలో అవుతుంది, తేడా పావు కిలో. లాగుడు 12 పాస్కల్స్‌కు దిగుతుంది, రాపిడి పోను స్టవ్‌కు చాలదు. ఎత్తు అంతే ఉంది, కట్టెలూ అవే. చిమ్నీ చల్లబడిందంతే, బలం సగానికి సగం పోయింది. ఇకపై ఏ నిర్ణయం తీసుకున్నా ఈ లెక్కను గుర్తుపెట్టుకుని తీసుకోండి. లోపలి గోడ, లైనర్ (చిమ్నీ లోపల దించే గొట్టం), వెడల్పు, అన్నీ పొగను పైదాకా వేడిగా ఉంచడం కోసమే.

బయట వాతావరణం వెచ్చగా ఉన్న రోజు ఈ తేడా ఇంకా తగ్గుతుంది. ఎత్తైన కొండ ప్రాంతాల్లో గాలే పలచన. 2000 మీటర్ల ఎత్తులో గాలి సాంద్రత ఐదో వంతు తక్కువ, లాగుడు కూడా అంతే తగ్గుతుంది. అక్కడ కట్టేవాళ్లు మామూలు కొలతలకు కొంత ఎత్తు చేర్చుకోవాలి.

స్టవ్‌కు వెడల్పు

స్టవ్ విషయంలో మీరు కనిపెట్టాల్సింది పెద్దగా లేదు. స్టవ్ మీదో వెనకో పొగ బయటికొచ్చే మూతి ఉంటుంది. దాని వ్యాసం ఎంతో చిమ్నీ లోపలి వ్యాసమూ అంతే ఉంచండి. అంతకన్నా తగ్గించడం ఎప్పుడూ వద్దు. తయారీదారు ఇచ్చిన పుస్తకంలో వేరే కొలత రాసి ఉంటే ఆ మాటే చెల్లుతుంది. బ్రిటన్ నిబంధనల్లో 30 కిలోవాట్ల దాకా స్టవ్‌లకు సాధారణంగా 150 మి.మీ., 30 నుంచి 50 కిలోవాట్ల మధ్య వాటికి 175 మి.మీ. కనీస వ్యాసం. తక్కువ పొగ వచ్చేలా తయారై ఆమోదం పొందిన కొన్ని చిన్న స్టవ్‌లకు 125 మి.మీ. కూడా ఒప్పుకుంటారు.

పాత చిమ్నీ వాడుకుంటున్నవాళ్లు ఈ లెక్క తప్పక వేయాలి. 150 మి.మీ. మూతి వైశాల్యం 177 చదరపు సెం.మీ. పాత ఇటుక చిమ్నీ లోపల 30కి 30 సెం.మీ. ఉంటే 900. ఐదు రెట్లు! పొగ వేగం ఐదో వంతుకు పడిపోతుంది, అంటే చల్లని ఇటుకల మధ్య ఐదు రెట్లు ఎక్కువసేపు తచ్చాడుతుంది. అమెరికాలో పాటించే ప్రమాణం ప్రకారం చిమ్నీ అన్ని వైపులా ఇంటి లోపలే ఉంటే దాని వైశాల్యం స్టవ్ మూతికి మూడు రెట్లు దాటకూడదు, ఏ గోడైనా బయటి చలికి తగులుతుంటే రెండు రెట్లే. నా చిమ్నీకి బయటి గోడ, పైగా ఐదు రెట్లు. మరకలు రాక ఏమవుతాయి?

దీనికి మందు ఒకటే. స్టవ్ మూతి నుంచి చిమ్నీ పైదాకా అదే వ్యాసం ఉన్న స్టెయిన్‌లెస్ స్టీల్ లైనర్ దించాలి. వీలైతే దాని చుట్టూ వేడి తట్టుకునే ఇన్సులేషన్ నింపాలి. లైనర్‌ను సగం దాకా దించి వదిలేసే పని కొందరు చేస్తారు. ఖర్చు తగ్గుతుందిగానీ పై సగంలో పొగ మళ్లీ ఆ పెద్ద చల్లని గుహలోకే పోతుంది.

ఫైర్‌ప్లేస్‌కు వెడల్పు

ఇక్కడ కొలత పొయ్యి నోటి మీద ఆధారపడుతుంది. అమెరికా ఇళ్ల నిర్మాణ కోడ్‌లో ఉన్న సులువైన పద్ధతి ఇది: గుండ్రటి దారి అయితే నోటి వైశాల్యంలో కనీసం 12వ వంతు, చతురస్రం అయితే 10వ వంతు. దీర్ఘచతురస్రంలో ఒక వైపు రెండోదానికి రెట్టింపో అంతకన్నా ఎక్కువో ఉంటే 8వ వంతు. మూలల్లో పొగ సరిగా కదలదు, అందుకే మూలలు పెరిగేకొద్దీ ఎక్కువ చోటు అడుగుతారు. వీలుంటే గుండ్రంగానే కట్టించండి. బ్రిటన్‌లో పెద్ద నోళ్లకు ఇంకా ఉదారంగా, నోటి వైశాల్యంలో 15 శాతం లెక్కిస్తారు.

మన 90, 70 సెం.మీ. నోటినే తీసుకుందాం. వైశాల్యం 6300 చదరపు సెం.మీ. 12వ వంతు అంటే 525, దానికి గుండ్రటి గొట్టం వ్యాసం 26 సెం.మీ. 10వ వంతు అంటే 630, చతురస్రం ఒక్కో వైపు 25 సెం.మీ. పైన. 15 శాతం అంటే 945, గుండ్రటి వ్యాసం 35 సెం.మీ. దాకా వెళుతుంది. ఏది తీసుకోవాలి? నా మాట అడిగితే, చిమ్నీ ఏడెనిమిది మీటర్లు ఉండి ఇంటి లోపలి గోడలో వెళుతుంటే చిన్న కొలత చాలు. నాలుగున్నర, అయిదు మీటర్లకే ముగిసిపోయే పొట్టి చిమ్నీ అయితే పెద్ద కొలత వైపు వెళ్లండి. ఎత్తు తక్కువైతే లాగే బలం తక్కువ కనుక దారైనా ధారాళంగా ఉండాలి.

రెండు వైపులా తెరిచిన ఫైర్‌ప్లేస్ అయితే రెండు నోళ్ల వైశాల్యం కలిపి లెక్కించండి. ఇది మరిచిపోయి కట్టిన వాటిలో పొగ పట్టని గది అరుదు.

కట్టేసిన తర్వాత పొగ వస్తోందని తెలిస్తే చిమ్నీ పగలగొట్టే ముందు నోరు తగ్గించి చూడండి. మంట సన్నగా మండుతుండగా, మందపాటి చేతి తొడుగులు వేసుకుని, ఒక ఇనుప రేకును నోటి పైఅంచుకు ఆనించి మెల్లగా కిందికి దించుతూ పోండి. పొగ రావడం ఏ చోట ఆగితే అక్కడ గుర్తు పెట్టుకోండి. చాలాసార్లు పది సెంటీమీటర్లలోపే ఆగుతుంది. 70 ఉన్న ఎత్తు 60 అయితే వైశాల్యం 5400కు దిగుతుంది, 24 సెం.మీ. గొట్టం కూడా దానికి సరిపోతుంది. ఆ గుర్తు దాకా రాతి పలకో ఇనుప అంచో శాశ్వతంగా బిగిస్తే పని అయిపోతుంది.

గొంతు, పొగ గది

నోటికీ చిమ్నీకీ మధ్య ఉండే సన్నని చీలికను గొంతు అంటారు. దీని విలువను గట్టిగా చెప్పినవాడు కౌంట్ రమ్‌ఫర్డ్. అసలు పేరు బెంజమిన్ థాంప్సన్, వేడి మీద పరిశోధనలు చేసిన శాస్త్రవేత్త. 1796లో ఫైర్‌ప్లేస్‌ల మీద ఆయన రాసిన వ్యాసం వచ్చింది. అప్పటి పొయ్యిలు లోతుగా, గొంతు మనిషి దూరేంత విశాలంగా ఉండేవి. వేడి అంతా పైకి పోయేది, పొగ మాత్రం గదిలోకి వచ్చేది. ఆయన గొంతును నాలుగు అంగుళాలకు కుదించాడు, పొయ్యి లోతు తగ్గించాడు, పక్క గోడలను గదివైపు వాలుగా తిప్పాడు. లండన్‌లో ఎన్నో ఇళ్ల పొయ్యిలు ఆ తర్వాత అలా మారాయి.

మీరు చేయాల్సింది: గొంతును పొయ్యి వెడల్పు పొడవునా ఉంచండి, ముందు నుంచి వెనక్కి మాత్రం పది సెంటీమీటర్ల దగ్గర కుదించండి. గొంతును మూసే పలక, అంటే డ్యాంపర్, పెడితే అది నోటి పైఅంచుకు కనీసం 20 సెం.మీ. పైన ఉండాలి. నోటి అంచుకు సమానంగా బిగిస్తే కొంచెం గాలి వీచినా పొగ బయటికి చిమ్ముతుంది. గొంతు పైన, చిమ్నీ మొదలయ్యే దాకా లోపలికి వాలుతూ పోయే గరాటు లాంటి భాగమే పొగ గది. దాని గోడలు నిలువు గీత నుంచి 45 డిగ్రీలకు మించి వాలకూడదు. ఇటుకలు మెట్లుమెట్లుగా ముందుకు తోసి కడితే 30 డిగ్రీలే హద్దు. లోపల వేడి తట్టుకునే పూతతో నున్నగా మెత్తించండి. బయటికి కనిపించదు కదా అని వదిలేసే చోటు ఇదే. మేస్త్రీ పక్కన నిలబడి చూసుకోవాల్సిన చోటు కూడా ఇదే.

దారి ఎటు పోవాలి, ఎక్కడ ముగియాలి

ఇంటి నడుమ నుంచి పోయే చిమ్నీ ఎప్పుడూ మేలు. చుట్టూ గదుల వెచ్చదనం ఉంటుంది, కప్పు ఎత్తైన చోట బయటికి వస్తుంది. బయటి గోడకు ఆనించి కట్టింది రాత్రంతా చలిలో నానుతుంది. పొద్దున వెలిగించేసరికి అందులోని చల్లగాలి కిందికి జారుతూ ఎదురొస్తుంది. బయటే కట్టక తప్పదంటే ఇన్సులేషన్ ఉన్న రెండు పొరల స్టీల్ చిమ్నీ తీసుకోండి.

నిటారుగా పోనివ్వండి. వంపు తప్పదంటే ఇటుక చిమ్నీని నిలువు నుంచి 30 డిగ్రీలు దాటనివ్వకండి. స్టవ్ నుంచి చిమ్నీకి కలిపే గొట్టం ముందు ఒక 60 సెం.మీ. నిలువుగా లేచాక తిరగడం మంచిది. అడ్డంగా పోయే ముక్క ఎంత పొట్టిగా ఉంటే అంత లాభం, అదీ మీటరుకు కనీసం 2 సెం.మీ. పైకి లేస్తూ ఉండాలి.

మొత్తం ఎత్తు స్టవ్ పైనుంచి కనీసం నాలుగున్నర మీటర్లు ఉంటే నిశ్చింత. కప్పు పైన ఎక్కడ ముగించాలన్నదానికి అమెరికాలో 3-2-10 అని ఒక లెక్క ఉంది. కప్పులోంచి బయటికొచ్చిన చోటు నుంచి కనీసం 3 అడుగులు లేవాలి, 10 అడుగుల దూరంలోపు ఉన్న కప్పు భాగం కన్నా, గోడ కన్నా, మరే కట్టడం కన్నా కనీసం 2 అడుగులు ఎత్తుండాలి. గాలి కప్పు మీదుగా దొర్లి కిందికి దిగే చోట చిమ్నీ మూతి ఉంటే పొగను తిరిగి లోపలికే తోస్తుంది. పక్కన పెద్ద చెట్టో కొండ చరియో ఉంటే ఈ కొలత కూడా చాలకపోవచ్చు. అలాగని ఇటుకలతో ఎత్తుకుంటూ పోకూడదు. బ్రిటన్ నిబంధనల ప్రకారం ఆధారం లేకుండా కప్పు పైన నిలిచే ఇటుక చిమ్నీ ఎత్తు, దాని సన్నని వైపు వెడల్పుకు నాలుగున్నర రెట్లకు మించకూడదు. 50 సెం.మీ. వెడల్పుకు 2.25 మీటర్లు.

వాన టోపీ పెట్టండి, కానీ దాని పక్కల ఖాళీ చిమ్నీ దారి కన్నా ఇరుకు కాకుండా చూడండి. పక్షుల కోసం సన్న జల్లెడ బిగిస్తే అది ఒక్క చలికాలంలో మసితో పూడిపోతుంది.

కట్టడంలో వదలకూడనివి

ఇటుక చిమ్నీ బరువు నేల మీద ఆధారపడాలి, చెక్క దూలాల మీద కాదు. పునాది కనీసం 30 సెం.మీ. మందం, చిమ్నీకి అన్ని వైపులా 15 సెం.మీ. చొప్పున బయటికి. ఇంట్లో చెక్క వాసాలు, దూలాలు ఉంటే వాటికీ చిమ్నీకీ మధ్య 5 సెం.మీ. ఖాళీ వదలండి, ఆ ఖాళీలో రద్దు పడనివ్వకండి. ఒంటి పొర ఇనుప గొట్టం అయితే మండే వస్తువులకు 45 సెం.మీ. దూరం. ఏళ్ల తరబడి వేడికి ఎండిన చెక్క, కొత్త చెక్క కన్నా తక్కువ వేడికే అంటుకుంటుంది. కట్టిన పదేళ్లకు అగ్ని ప్రమాదం వచ్చే ఇళ్లలో ఈ ఖాళీ లేకపోవడం ఒక కారణం.

లోపల మట్టి పైపుల లైనర్ వేస్తే గిన్నె లాంటి వెడల్పు మూతి పైకి ఉండేలా పేర్చాలి, పైదాని సన్నని అంచు కిందిదాని లోపల కూర్చోవాలి. ఇనుప గొట్టాలూ అంతే, సన్నని మూతి కిందికి. దీని మీద ప్రతిసారీ వాదన వస్తుంది. "తిరగేసి పెడితేనే కదండీ పొగ సందుల్లోంచి రాదు" అంటారు. చిమ్నీ లాగుతున్నంతసేపూ సందుల్లోంచి గాలి లోపలికే పోతుంది, పొగ బయటికి రాదు. బయటికి కారేది తారు కలిసిన నీరు. అది లోపలి వైపే జారాలంటే మూతులు ఇలాగే ఉండాలి.

ఆ తారు సంగతి కూడా చెప్పాలి. పొగ సుమారు 120 డిగ్రీల కన్నా చల్లబడితే అందులోని ఆవిర్లు గోడలకు పట్టి జిగట మసిగా మారతాయి. అది అంటుకుంటే చిమ్నీలో వేడి 1000 డిగ్రీలు దాటుతుంది. పచ్చి కట్టెలు కాల్చితే ఇంకా తొందరగా పేరుకుంటుంది. తేమ 20 శాతం లోపు ఉన్నవే వాడండి. మసి 3 మి.మీ. మందం చేరితే శుభ్రం చేయించాలి. అందుకోసం చిమ్నీ అడుగున ఒక బిగుతైన తలుపు ఇప్పుడే ప్లాన్‌లో పెట్టించండి.

గాలి ఎక్కడి నుంచి వస్తుంది?

చిమ్నీ బయటికి పంపినంత గాలి ఇంట్లోకి రావాలి. కిటికీలు బిగుతుగా మూసుకునే కొత్త ఇళ్లలో, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు, పొయ్యి గాలికి కటకటలాడుతుంది. ఫ్యాన్ గెలిస్తే చిమ్నీ తిరగబడి పొగ గదిలోకి వస్తుంది. దాంతోపాటు రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ కూడా. బ్రిటన్‌లో మామూలు ఇళ్లలో స్టవ్‌కు 5 కిలోవాట్లు దాటిన ప్రతి కిలోవాటుకూ 550 చదరపు మి.మీ. శాశ్వత గాలి రంధ్రం అడుగుతారు. తెరిచిన ఫైర్‌ప్లేస్‌కు గొంతు వైశాల్యంలో సగం. స్టవ్‌కైతే బయటి గాలిని నేరుగా తెచ్చే గొట్టం పెట్టగలిగితే టెన్షన్ ఉండదు. గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం మాత్రం తప్పనిసరి.

ఇవన్నీ కాగితం మీద పెట్టుకున్నాక మీ ప్రాంతపు నిబంధనలతో సరిచూసుకోండి. అంకెలు తేడా వస్తే అక్కడి మాటే వినండి. దారి మెలికలు తిరిగినా, కొలతలు అంచుల్లో ఉన్నా యూరప్ ప్రమాణం ఈఎన్ 13384 పద్ధతిలో లెక్క వేయగల ఇంజనీర్‌కు చూపించండి.

మొదటి మంట

కొత్త ఇటుక పనిని కనీసం కొన్ని వారాలు ఆరనివ్వండి. తర్వాత చిన్న చిన్న మంటలతో మొదలుపెట్టండి. తొందరపడి పెద్ద మంట వేస్తే లోపలి తేమ ఆవిరై పగుళ్లు తెస్తుంది. వెలిగించే ముందు ఒక అగరుబత్తి పొగను నోటి దగ్గర పట్టుకోండి. పొగ లోపలికి వంగితే సరే. గదివైపు వంగితే పైన చల్లగాలి కూర్చుని ఉన్నట్టు. నలిపిన కాగితం ఒకటి గొంతు దగ్గరగా కాల్చి చిమ్నీని వేడి చేశాకే కట్టెలు అంటించండి.

మంట పట్టుకున్నాక కూడా పొగ వస్తుంటే కొలతలను తిట్టుకునే ముందు కిటికీ ఒక వేలెడు తెరవండి. పొగ ఆగిపోయిందా, లోటు గాలిది. ఆగలేదా, ఇనుప రేకు తెచ్చుకుని నోటి దగ్గర మొదలుపెట్టండి.